సిమెంటు పొట్లం

మా వంగలపేట మున్సిపల్ కమిషనరుగారి ఫోటో ఒకనాడు పేపర్లో పడింది. మొక్క నాటుతున్న ఫోటో. అందులో తప్పేమీ లేదు. కమిషనర్లు మొక్కలు నాటుతూనే ఉంటారు, పేపర్లు వేస్తూనే ఉంటాయి, మొక్కలు చస్తూనే ఉంటాయి. వచ్చిన చిక్కల్లా మర్నాడు సాయంత్రం ఆయన డ్రైవరు పాత బస్టాండు జంక్షన్లో నూకాలు బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకు వెళ్ళడం వల్ల వచ్చింది. కమిషనరుగారు పొట్లం విప్పి, తింటూ తింటూ అడుగుకి వచ్చేసరికి తన ముఖమే తనకి కనిపించింది. నుదుటి మీద ఉల్లిపాయ ముక్క. కాగితం నూనెకి నానిపోయి, వెనక పేజీలోని మొలల మందు ప్రకటన ఆయన బుగ్గల్లోంచి చక్కగా చదవడానికి వస్తోంది.

మిగిలిన బజ్జీ కూడా తినే లేచాడట మహానుభావుడు. మర్నాడు ఉత్తర్వు వెలువడింది.

"ప్రజారోగ్యము దృష్ట్యా పురపాలక సంఘ పరిధిలో ఏ తినుబండారమునూ వార్తాపత్రికలలో చుట్టి విక్రయించరాదు. పురపాలక సంఘముచే ఆమోదించబడిన, చవకైన, మడతపెట్టు కాగితపు పాత్రలో మాత్రమే విక్రయించవలెను. సదరు పాత్ర త్వరలో రూపొందించబడును."

మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. పేపరు సిరా కడుపులోకి పోతే మంచిది కాదని నాకూ తెలుసు. నా పేచీ ఆ 'త్వరలో' దగ్గర. ముందు పాత్ర తయారుచేసి, తర్వాత పేపరు మానిపించడం ఒక పద్ధతి. మా మున్సిపాలిటీది రెండో పద్ధతి.

నేనెవరో చెప్పలేదు కదూ. నన్ను దాలినాయుడు మాస్టారంటారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాను. సాయంత్రం నడక అని ఇంట్లో చెప్పి బయల్దేరి నూకాలు బండి దగ్గర ఆగిపోయే జాతి. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో చెప్పుకుంటారు. ఈ ఊళ్ళో ఉంటూ కోపం రాకుండా ఉండాలంటే కళ్ళూ చెవులూ రెండూ లేకపోవాలి.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం వెళ్ళేసరికి నూకాలు బండి మీద బజ్జీలు లేవు. పొయ్యి మాత్రం వెలుగుతోంది. మూకుట్లో నీళ్ళు మరుగుతున్నాయి.

"ఇదేమిటే నూకాలూ, నీళ్ళు కాస్తున్నావు?" అన్నాను.

"మరేటి సేసీది మేస్టారూ. బజ్జీలేత్తే బండి ఎత్తుకుపోతామన్నారు. పొయ్యి ముట్టించకపోతే జాగా పోతాదన్నారు. అందుకని నీల్లెట్టినాను."

అర్థం కావాలంటే మా ఊరి జాగాల రూలు చెప్పాలి. జంక్షన్లో బండి పెట్టుకోడానికి జాగా ఇస్తారు. ఆ జాగాలో నెల్లాళ్ళు వ్యాపారం జరక్కపోతే అది మున్సిపాలిటీకి తిరిగిపోతుంది. ఊరికే జాగా పట్టుకు కూచునేవాళ్ళని లేపడానికి ఎవరో బుద్ధిమంతుడు పెట్టిన రూలది. అమ్మితే కొత్త ఉత్తర్వు ప్రకారం తప్పు, అమ్మకపోతే పాత రూలు ప్రకారం తప్పు. రెండింటినీ అమలు చేసేది ఒకాయనే.

ఆ జాగాలో ముందు నూకాలు అత్త పొయ్యి పెట్టింది. ఆవిడ పోయాక నూకాలు పెట్టింది. వేరే వ్యాపారం ఆవిడకి తెలీదు, వేరే చోటు ఆవిడకి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే మున్సిపల్ ఆఫీసుకి పోయి కమిషనరుగారి ఎదుట నిలబడి నాలుగూ అడిగేశాను.

కమిషనరు వైకుంఠరావుగారు కోప్పడలేదు. నేను చెప్పిందంతా తలూపుతూ విని, "మీలాంటి కళాకారులే మాకు కావాలి మాస్టారూ. పాత్ర రూపకల్పన కమిటీలో మిమ్మల్ని అనధికార సభ్యునిగా నియమిస్తున్నాం" అన్నారు. ఆఫీసుకి పోట్లాడ్డానికి వచ్చినవాణ్ణి వదిలించుకోడానికి ఇంతకన్న మంచి ఉపాయం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. నేను నోరు మూసుకుని కుర్చీలో కూచున్నాను. పైగా లోపల్లోపల సంతోషించాను కూడా.

మొదటి సమావేశంలోనే పని తెమిల్చేద్దామనుకున్నాను. నా ముందు పెట్టిన ఎజెండా కాగితం తీసి, నలుపలకలుగా చించి, మూలకి మూల కలిపి, రెండు చెవులూ లోపలికి మడిచి దోపాను. పెదవి విప్పితే దోనెలా నిలబడింది. పక్కన మిగిలిన మడత ఉల్లిపాయ ముక్కలకి జేబయింది. బంక లేదు, పిన్ను లేదు. తెల్ల కాగితాన్ని ఇలా మడుచుకుంటూ పోతే బజ్జీ వేగేలోపు పాత్ర తయారైపోతుంది. ఖర్చు చెప్పుకోడానికి కూడా లేదు.

అందరూ చేతుల్లోకి తీసుకుని చూశారు. ఇంజినీరుగారు తలకిందులుగా పట్టుకుని చూశారు. కమిషనరుగారు ముచ్చటపడిపోయారు.

"చాలా బాగుంది. దీన్ని సూత్రప్రాయంగా ఆమోదిస్తున్నాం" అన్నారు.

సూత్రప్రాయంగా అంటే ఆమోదించలేదని అర్థమట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"అయితే ఇందులో ఏ శాఖ పాత్రా కనిపించడం లేదు సార్" అన్నారు హెల్త్ ఆఫీసరుగారు. "లేబుల్ లేకుండా తినుబండారం ప్రజల చేతికి ఎలా ఇస్తాం? పదార్థం పేరు, తయారైన చోటు, తయారైన తేదీ, ఏ తేదీలోగా వాడాలి, శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క. ఇవి తప్పనిసరి."

"తయారైన తేదీ ఎందుకండీ?" అన్నాను. "మూకుట్లోంచి తీసి చేతిలో పెడుతుంది. అందరూ చూస్తూనే ఉంటారు."

"చూడ్డం వేరు, రికార్డు వేరు మాస్టారూ."

లేబుల్ కోసం ఒక మడత పెరిగింది. వారం తిరక్కుండా టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగారికి విషయం తెలిసి ఆయన కూడా వచ్చారు. ఏ కట్టడమైనా సరిహద్దు నుంచి చుట్టూ ఖాళీ వదలాలి, గాలీ వెలుతురూ రావాలి అన్నారు. ఇది కట్టడం కాదు, కాగితం అన్నాను. నాలుగు గోడలూ ఒక అడుగూ ఉన్నదాన్ని చట్టం ఏమంటుందో చదివి వినిపించారు. దాంతో పాత్ర లోపల నాలుగు వైపులా బజ్జీ తగలకూడని ఖాళీ వదిలాం. గోడలకి గాలి కంతలు పెట్టాం.

ఆ కంతలు చూసి ఫైర్ ఆఫీసరుగారు కంగారుపడ్డారు. మరుగుతున్న నూనెలోంచి వచ్చే వస్తువుకి ఒకే ఒక్క దారి ఉండడం ఆయన సర్వీసులో ఎన్నడూ చూళ్ళేదట. ప్రమాదం జరిగితే లోపలివి బయటికి రావడానికి అత్యవసర ద్వారం ఉండి తీరాలన్నారు.

"లోపల ఉండేవి బజ్జీలండీ" అన్నాను.

"ఏవైనా సరే. ముందు జాగ్రత్త మనది."

అత్యవసర ద్వారంలోంచి చట్నీ కారిపోతుందని నేను మొత్తుకున్నాను. కారినా నియమాల ప్రకారమే కారుతుందని కమిషనరుగారు సర్ది చెప్పారు. ఆయన సొంతంగా చేర్చింది ఒక్కటే. పాత్ర అడుగున ఏ మనిషి ముఖమూ ముద్రించరాదు. దాన్ని మాత్రం ఎవరూ చర్చించలేదు.

ఒకరోజు పాత్రని బజ్జీలతో పరీక్షించాలన్నారు. నూకాలుకి కబురెట్టారు. పాపం ఎంతో ఆశతో వేడివేడిగా వేసి స్టీలు గిన్నెలో పట్టుకొచ్చింది. గిన్నె ఆమోదిత పాత్ర కాదు కనక గేటు దగ్గరే ఆపేశారు. బజ్జీల్ని మాత్రం లోపలికి రానిచ్చారు. కమిటీ వాటిని పరీక్షించింది. ఎంత క్షుణ్ణంగా పరీక్షించిందంటే, పాత్రలో వేసి చూడ్డానికి ఒక్క బజ్జీ మిగల్లేదు.

గేటు దగ్గర నూకాలు అడిగింది. "పాసయిపోనాయా మేస్టారూ?"

"బజ్జీలు పాసయ్యాయి. పాత్రే ఇంకా కూచుని చదువుతోంది" అన్నాను.

ఈలోగా జంక్షన్లో ఇంకో రభస మొదలైంది. నూకాలు రోజూ పొయ్యి ముట్టించి నీళ్ళు కాస్తూనే ఉంది. ఆవిడ బండి చుట్టూ పాతికేళ్ళుగా చేరే జనం అలవాటు కొద్దీ చేరుతూనే ఉన్నారు. చేరినవాళ్ళు ఊరికే నిలబడడం బాగుండదని తలా గ్లాసు వేడినీళ్ళు తాగి, ఆవిడ వద్దంటున్నా ఏదో చేతిలో పెట్టి పోతున్నారు. గ్యాసు తగ్గిందని ఒకాయన అన్నాడు. దాంతో జనం పెరిగారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఇదేమి వ్యాపారమని రాసుకుపోయాడు.

కమిటీ ముందుకి ప్రశ్న వచ్చింది. వేడినీళ్ళు తినుబండారమా, కాదా?

అవునంటే ఆమోదిత పాత్రలో అమ్మాలి, ఆ పాత్ర ఇంకా లేదు. కాదంటే ఏ రూలూ వర్తించదు, అప్పుడు ఆఫీసు ఉండి ఎందుకు? చాలాసేపు మాట్లాడుకున్నారు. హెల్త్ ఆఫీసరుగారు నమలడం మీద మాట్లాడారు. చివరికి కమిషనరుగారు కళ్ళు మూసుకుని, వేలు పైకెత్తి, సవరణ చెప్పి రాయించారు.

"ఆమోదిత పాత్రలో ఉన్నది ఏదైననూ తినుబండారముగా పరిగణించబడును. ఆమోదిత పాత్రలో లేనిది తినుబండారము కానేరదు."

సభ్యులు బల్లలు చరిచారు. నేను మాత్రం చెయ్యెత్తాను.

"అయ్యా, ఆ పాత్రలో గులకరాయి వేస్తే?"

"తినుబండారమే అవుతుంది మాస్టారూ. నాణ్యత సంగతి హెల్త్ వాళ్ళు చూసుకుంటారు."

నేను నవ్వాననుకుంటారేమో. నవ్వలేదు. ఆ సవరణ ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకు అప్పుడే తెలిసింది. నూకాలు నీళ్ళు ఆమోదిత పాత్రలో లేవు. కాబట్టి తినుబండారం కాదు. కాబట్టి ఆవిడ చేస్తున్నది వ్యాపారం కాదు. కాబట్టి పొయ్యి వెలిగినా వెలగనట్టే. జాగా పోయే లెక్క మొదలైపోయింది.

వెళ్ళి చెప్పాను. ఆవిడ నీళ్ళ మీద మూత పెట్టింది.

"ఉడుకునీల్లు తాగి ఆ మావయ్య గేసు తగ్గిందన్నాడు గదా మేస్టారూ. మరది ఏపారం కాదేటి?"

"కాదట."

"నానిక్కడికి కోడలిగా వొచ్చిన్నాడు మా అత్త గరిటి నా సేతికిచ్చి ఇదే నీ ఇల్లంది. ఇంటికాడ కన్నా ఈడే ఎక్కువున్నాను. ఇప్పుడెల్లిపొమ్మంటే ఎటెల్తాను?"

నాకు ఏడుపొచ్చేటట్టుంది. డ్రాయింగు మాస్టారు నడిరోడ్డు మీద ఏడిస్తే బాగుండదని గబగబా ఇంటికొచ్చేశాను.

పాత్ర నమూనా చివరికి ఖరారైంది. మడతలన్నీ మడిచాక లోపల ఒకే ఒక్క బజ్జీ పడుకునే చోటు మిగిలింది. అది కూడా సన్నపాటి మిరపకాయ అయితేనే. కాగితం మడవడానికి మనిషికి శిక్షణ కావాలన్నారు. కాగితానికి టెండరు పిలిచారు. ఆ మడతల బొమ్మ చూసి ఒక్కడూ రాలేదు. రెండోసారి పిలిచారు. ఒకాయన వచ్చాడు గాని ఆయన పెళ్ళి కార్డులు వేసేవాడు, దారి తప్పి వచ్చాడు.

అప్పుడు ఇంజినీరుగారికి ఆలోచన వచ్చింది. "ప్రజలకి అవగాహన లేకపోవడమే అసలు సమస్య సార్. పాత్ర ఎలా ఉంటుందో వాళ్ళు కళ్ళారా చూడాలి. జంక్షన్లో పెద్ద సైజులో సిమెంటుతో నిర్మిద్దాం."

ఈ టెండరు ఆ సాయంత్రానికే ఖాయమైపోయింది. మా ఊళ్ళో కాగితం మడిచేవాడు లేకపోవచ్చు గాని సిమెంటు పోసేవాడికి ఎప్పుడూ కరువు లేదు.

ఎక్కడ కట్టాలన్న చర్చ రాలేదు. పాత బస్టాండు జంక్షన్లో ఒక జాగా ఖాళీ పడింది కదా. అక్కడ నెల్లాళ్ళుగా ఏ వ్యాపారమూ జరగడం లేదని శానిటరీ ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు. నోటీసు తెచ్చినవాడికి నూకాలు ఒక గ్లాసు వేడినీళ్ళిచ్చింది. వాడు తాగి, నోటీసిచ్చి పోయాడు.

నేను మళ్ళీ ఆఫీసుకి పరిగెత్తాను. "ఆవిడ బతుకు తీసేస్తున్నారు" అన్నాను.

"ఆవిడ లాంటి వారి కోసమే కదా మాస్టారూ ఈ పాత్ర" అన్నారు కమిషనరుగారు. మనసులో ఏ కల్మషమూ లేకుండా అన్నారు. అదే నాకు భయం వేసింది. దుర్మార్గుడైతే తిట్టి రావచ్చు. ఈయన్ని ఏమనాలో తెలీక కమిటీకి రాజీనామా ఇచ్చాను. దాన్ని సూత్రప్రాయంగా ఆమోదించారు.

సిమెంటు పొట్లం లేచింది. రెండు లారీలు పక్కపక్కన పెట్టినంత వెడల్పు, మనిషి ఎత్తుకి పైన ఇంకో మనిషి. కమిటీలో అనుకున్నవన్నీ అందులో ఉన్నాయి. గోడలకి గాలి కంతలు, లోపల చుట్టూ వదిలిన ఖాళీ, పక్కన ఉల్లిపాయల జేబు, ముందువైపు ఇద్దరు మనుషులు పక్కపక్కన దూరేటంత అత్యవసర ద్వారం. వర్షం లోపల పడకుండా ఇంజినీరుగారు పైన మడతని కొంచెం ముందుకి వంచారు. గోడ మీద లేబుల్ కోసం తెల్లటి పలక వదిలారు. నూకాలు తన బండి పక్కకి జరుపుకుని, ఆ నీడలో నీళ్ళు కాస్తూ కూచుంది. ఎందుకు కాస్తున్నావని నేను అడగలేదు. మానెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆవిష్కరణకి మంత్రిగారు వచ్చారు. ఆయన కంట పడకుండా నూకాలు బండికి అడ్డంగా తెర కట్టారు. ఆయన మా ఊరి కాలేజీలోనే చదివాడు. రిబ్బను కత్తిరించి, సిమెంటు పొట్లాన్ని కిందా పైనా చూసి, వేదిక దిగి అటూ ఇటూ దేనికోసమో వెతికాడు.

"ఏంటి కమిషనర్ గారూ, బజ్జీలేవి?"

"బజ్జీలా సార్?"

"కాలేజీ ఎగ్గొట్టి మేం ఇక్కడేకదయ్యా తినీవాళ్ళం. ఒక ముసలావిడ ఉండీది. ఆ బజ్జీ మళ్ళీ తిందారనే ఈ ప్రోగ్రామొప్పుకున్నాను. పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు."

"ఆవిడ కోడలుందండీ" అన్నాను జనంలోంచి. గట్టిగానే అన్నాను. "అదిగో, తెర వెనకాల. పొయ్యి కూడా వెలుగుతూనే ఉంది."

తెర తీశారు. నూకాలు లేచి నిలబడింది. మంత్రిగారు మూకుట్లోకి చూసి, "నీళ్ళేంటమ్మా?" అన్నారు.

"బజ్జీలెయ్యకూడదంట బాబూ. పాత్ర రాలేదంట."

మంత్రిగారు కమిషనరుగారి వైపు తిరిగారు. కమిషనరుగారు చెమటలు తుడుచుకుంటూ ఉత్తర్వూ సవరణా టెండరూ అన్నీ వివరించారు. తినుబండారం ఆమోదిత పాత్రలో తప్ప ఎక్కడా ఉండకూడదు. కాగితపు పాత్ర ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

"మరి ఇదేంటి?" మంత్రిగారు వెనక ఉన్న సిమెంటు గోడని అరచేత్తో తట్టారు.

"అది... ఆమోదిత పాత్ర సార్."

"అయితే ఇందులోనే వెయ్యమను."

కమిషనరుగారి ముఖం వికసించింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణాన ఆయన మెదడు పనిచేసిన తీరుకి నేనూ ముచ్చటపడ్డాను. ప్రపంచం మొత్తం మీద చట్టప్రకారం బజ్జీ ఉండదగిన చోటు ఒక్కటే ఉంది. అది ఎదురుగా ఉంది. ఆయనే స్వయంగా బండికి ఒక పక్క చెయ్యేశారు, ఇంజినీరుగారు రెండో పక్క. అత్యవసర ద్వారంలోంచి పొయ్యితో సహా లోపలికి తోశారు. మార్కెట్లోంచి మిరపకాయలొచ్చాయి, ఎదుటి కొట్లోంచి శనగపిండీ నూనె డబ్బా వచ్చాయి. బజ్జీలయ్యేదాకా మంత్రిగారికి విసుగు రాకుండా ఆఫీసర్లందరూ ఒకరి తర్వాత ఒకరు ప్రసంగించారు.

లోపల అన్నీ అమరిపోయాయి. చుట్టూ వదిలిన ఖాళీలో మనుషులు నిలబడ్డారు. పొగ గాలి కంతల్లోంచి పోయింది. ఉల్లిపాయల జేబులో నూకాలు నిజంగానే ఉల్లిపాయలు పెట్టుకుంది. కమిటీ చేర్చిన మడతల్లో పనికిరానిది ఒక్కటీ లేదని ఆ పూట నాకు తెలిసింది. సైజు దగ్గరే పొరపాటు పడ్డాం.

బజ్జీ బయటికి తీసుకెళ్తే నియమం తప్పుతుంది కనక మంత్రిగారే లోపలికి వెళ్ళారు. ఒకటి తిని కళ్ళు మూసుకున్నారు. "ముసలావిడ చెయ్యే" అన్నారు. నూకాలు కొంగుతో కళ్ళొత్తుకుని ఇంకో నాలుగు వేసింది.

హెల్త్ ఆఫీసరుగారు ఒక్కరే తెల్లబోయి నా పక్కన నిలబడ్డారు. "మాస్టారూ, ఆమోదిత పాత్రలో ఉన్నది ఏదైనా తినుబండారమే కదా" అని చెవిలో గొణిగారు. "ఇప్పుడు లోపల మంత్రిగారున్నారు."

"అయితే వెళ్ళి లేబుల్ అంటించండి" అన్నాను.

ఆయన వెళ్ళలేదు.

ఆనాటి నుంచి మా ఊరు సిమెంటు పొట్లంలో నిలబడి బజ్జీలు తింటోంది. మంత్రిగారి సమక్షంలో జరిగింది కనక అది ఆనవాయితీ అయింది, ఇక ఎవరూ ముట్టుకోడానికి లేదు. నూకాలు జాగా నూకాలుకి దక్కింది. పైన కప్పు కూడా దక్కింది. బజ్జీలు ఎందులో ఇస్తోందంటారా? పేపర్లోనే. ఆమోదిత పాత్రలో ఉన్నది ఏదైనా తినుబండారమే కాబట్టి, లోపల ఉన్నంతసేపూ పేపరు కూడా తినుబండారమే. ఎవరి ఆరోగ్యం కోసం ఇదంతా మొదలైందో వాళ్ళ కడుపులోకి సిరా మునుపటిలాగే పోతోంది. తెల్ల కాగితాలు కొనుక్కెళ్ళి నా మడత నూకాలుకి నేర్పబోయాను. "అది ఆమోదం కాలేదు గదా మేస్టారూ, మల్లీ కమిటీ ఏత్తారు" అని దణ్ణం పెట్టింది. నిజమే మరి.

అంతటితో అయిపోతే మా ఆఫీసు మా ఆఫీసెందుకవుతుంది. మొన్న హెల్త్ శాఖ నుంచి నోటీసొచ్చింది. మంత్రిగారు వచ్చి పోయారు, కొనుక్కునేవాళ్ళు తిని పోతున్నారు. పాత్రలో స్థిరంగా ఉంటున్నది నూకాలు ఒక్కర్తే. సవరణ ప్రకారం ఆవిడ తినుబండారం. గోడ మీద వదిలిన తెల్ల పలక మీద వారంలోగా ఆవిడ వివరాలు రాయించకపోతే పాత్రలోంచి తొలగించబడును.

నూకాలు నన్ను పిలిచింది. బొమ్మలేసే బ్రష్షూ రంగూ పట్టుకుని వెళ్ళాను. జనం తగ్గిన వేళ, పలక ముందు ఎత్తుపీట వేసుకుని కూచున్నాను.

పదార్థం పేరు: నూకాలు. తయారైన చోటు అడిగితే వాళ్ళ అమ్మగారి ఊరు చెప్పింది. అదీ రాశాను.

"శాకాహారమేనా?"

"సోమారం, సెనారం."

ఆకుపచ్చ చుక్క సగం పెట్టాను.

"తయారైన తేదీ?"

"తుపానొచ్చిన ఏడు అనీది మాయమ్మ. ఏ తుపానో సెప్పకుండానే పోయింది."

తుపాను అని రాశాను. మిగిలింది ఒక్కటే గడి. బ్రష్షు రంగులో ముంచాను గాని రాయలేదు.

"అదేటి మేస్టారూ, సదవండి."

"ఏ తేదీలోగా వాడాలి అనుంది. అంటే ఎప్పటిదాకా నిలవుంటుందీ అని."

నూకాలు బజ్జీలు తీసి, నా కోసం పొట్లం కట్టడానికి పేపరు చింపింది. చింపిన ముక్కలో కమిషనరుగారు దండ వేసుకుని నవ్వుతున్నారు. బదిలీ సన్మానం ఫోటో. చవకైన కాగితపు పాత్ర రూపొందించినందుకు ఆయన్ని పెద్ద ఊరికి వేశారట. నూకాలు ఆ ముఖాన్ని కాసేపు చూసింది. ఉల్లిపాయ ముక్కలు ముఖం మీద పడకుండా పక్కకి పెట్టి, పొట్లం మడిచి నా చేతికిచ్చింది.

"ఈ బాబుకి తేదీ అయిపోనాదా మేస్టారూ?"

"అయిపోయింది. సోమవారం ఇంకొకాయన వస్తాడు."

"ఆయనకీ ఉంటాదా?"

"ఆయనకీ ఉంటుంది. ఆఫీసులో అందరికీ ఉంటుంది."

మూకుట్లో కొత్త వాయ వేస్తూ అంది, "మరి నా తేదీ నాకు ఒవులూ సెప్పనేదు. కాలీగా ఒగ్గేయండి."

ఖాళీగా వదిలేశాను. బ్రష్షు కడుక్కుని, ఆ లోపలే నిలబడి, వేడి తగ్గకముందే నా బజ్జీలు తినేశాను.